ఒకటికి ఒకటి

కోవెంట్రీలో నా పని పళ్ళు కట్టడం.
పింగాణీ పొడి తడిపి, కాల్చి, అరగదీసి
పక్క పన్ను కూడా పోల్చుకోలేని పన్ను చేస్తాను.
తెలుపులో పదహారు తెలుపులు నాకు కంఠతా వచ్చు.

ఆ సంగతి ఎవరు చెప్పారో,
ఎర్ల్స్‌డన్ నుంచి బెరిల్ ఓక్లీ వచ్చింది,
చెప్పుల డబ్బాలో మూడు బొమ్మకార్లు పెట్టుకుని.
"మ్యూజియం వాళ్ళు ఒక్కటే తీసుకుంటారట.
ఏది దానిలా ఉందో నీ కన్నుతో చూసి చెప్పు."

మూడూ ఒకే కారు.
విథర్లీ స్పెషల్, యాభై ఏడు నాటిది, ఏడో నంబరు.
నలభై మూడో వంతుది బెత్తెడు.
పద్దెనిమిదో వంతుది జానెడు.
ఇరవై నాలుగోది ఆ రెంటికీ నడిమి బిడ్డ,
ఎవరో వంటింటి బల్ల మీద అతికించింది;
అద్దం కింద జిగురులో వాళ్ళ వేలిముద్ర ఇంకా ఉంది.

భూతద్దం కళ్ళకి దించుకున్నాను.
జానెడు దానికి బానెట్ లేస్తుంది,
లోపల తీగలు, తోలు పట్టీకి బకిలు,
సూదిమొనతో తీస్తే ఊడి వచ్చే బకిలు!
పక్క రేకు మీద రివెట్లు లెక్కపెట్టాను, అరవై రెండు.
"అరవై ఒకటి," అంది బెరిల్, "ఒకటి దారిలో రాలిపోయేది ఎప్పుడూ."

ఇక రంగు.
ఒకటి తమలపాకు, ఒకటి ముదురు కరివేపాకు,
బెత్తెడు దాని పచ్చ ఎండకి వెలిసి
ఆకు వదిలేసి పసుపు వైపు నడుస్తోంది.
మా భాషలో పచ్చ అంటే రెండూను,
కాబట్టి నేను తొందరపడలేదు.
"అసలు పచ్చ ఏది?"
"చెప్పలేను. రెండు డబ్బాలు అడుగంటితే కలిపేశాం."

అప్పుడు చెప్పింది.
ఫోల్స్‌హిల్‌లో మేనమామ షెడ్డు,
తనకి పదిహేడేళ్ళు, చేతిలో కుంచె.
ఎడమ పక్క ఏడు అంకె వేస్తుంటే బయట వ్యాను హారన్.
అంకె కాలి కొసన తెల్లచుక్క జారింది,
తుడిచే తీరిక లేదు.
దిష్టిచుక్క, అన్నాను. అర్థం చెప్పాల్సి వచ్చింది.
"నల్లది కదా మీది," అంది. అదీ నిజమే.

మళ్ళీ వంగి చూశాను.
జానెడు దాని ఏడు బ్లేడుతో కోసినంత శుభ్రం.
బెత్తెడు దాని మీద అంకే లేదు, ఏ పిల్లాడి జేబులోనో అరిగిపోయింది.
నడిమి దానికి చుక్క ఉంది!
కానీ కుడి పక్క.
తెలిసి పెట్టింది కాదది, చెయ్యి వణికింది, అంతే.

"అసలు కారే ఉందిగా మ్యూజియంలో,
దాని పక్కన పెట్టి చూస్తే సరి."
బెరిల్ నవ్వింది.
"చాసీ ఎనభై ఒకటిలో మార్చారు.
రేకులన్నీ కొత్తగా కొట్టించారు.
ఇంజన్ ఇంకో కారుది.
స్టీరింగ్ ఒక్కటే పాతది, అదీ చుట్టిన తోలు తీసేస్తే.
అది నాలుగో బొమ్మ, అమ్మాయ్.
కొలత మాత్రం ఒకటికి ఒకటి."

నవ్వుతుంటే పై వరసలో ఎడమ పన్ను మెరిసింది.
నేను కట్టిందే, నిరుడు చలికాలంలో.
గుర్తుపట్టడానికి నాకే క్షణం పట్టింది.

నా తెలుపుల్లోంచి ఒకటి అడిగింది,
మరీ తెల్లటిది వద్దట, కాస్త టీ తాగినది.
మూడు వెంట్రుకల కుంచె ఇచ్చాను.
అరిగిన బెత్తెడు కారుని
ఎడమ పక్క తిప్పి పట్టుకుంది.
ఎనభై అయిదేళ్ళ చెయ్యి, వీసమెత్తు వణకలేదు.
ఏడు వచ్చింది. నిటారుగా, నున్నగా.

ఇద్దరం కొలిమి దీపం కింద దాని కాలి కొసనే చూస్తూ కూర్చున్నాం.
బయట బస్సు ఒకటి హారన్ కొట్టింది కూడా.
ఏమీ జారలేదు.
"ఛ," అంది బెరిల్.